మగ్గం గుంతలో నాగప్ప చోటు

వనపర్తి నుంచి గద్వాల పోతూ ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు మారడానికి దిగాను. అప్పుడే కర్నూలు నుంచి గద్వాల పోయే బస్సు వచ్చి ఆగింది. అందులోంచి ఒకతను జనాన్ని తోసుకుంటూ దిగి, చాయ్ కొట్టు బల్ల మీద కూలబడి, మణికట్టు పట్టుకుని నాడి చూసుకోసాగాడు. బస్సు అతన్ని వదిలేసి పోయింది.

"గుండెనొప్పా తమ్మీ?"

"గుండె మంచిగనే ఉందంట పెద్దాయనా. మిషను పెట్టి చూసిండ్రు. బస్సు నిండింది, పానం పోతదనిపించింది, దిగిన."

పేరు నాగప్ప. గద్వాల నేతగాడు. తొంభై ఒకటి ఎండాకాలంలో, మగ్గం గుంతలో కాళ్లు పెట్టి నేస్తుండగా ఉన్నట్టుండి గుండె దడదడలాడింది, చెమట పోసింది, ఊపిరాడలేదు. చావు వచ్చిందనుకుని బయటికి పాకాడు. పాకగానే తగ్గింది. అప్పటి నుంచి గుంతలో కాలు పెడితే అదే. ఊళ్లో సూదులు వేశారు, తాయెత్తు కట్టారు. చివరికి కర్నూలులో మనసు డాక్టరు, ఇది భయం జబ్బు, లేని ప్రమాదానికి ఒళ్లు గంట కొడుతోందని చెప్పి మాత్రలు రాశాడు.

"గోళీలు నిదానంగ పని చేస్తయంట. భయమైనా గుంతల నుంచి లేవొద్దన్నడు డాక్టరు. దడ ఎక్కినట్టే దిగుతదంట. లేచిపోతే, లేచినందుకే బతికిన అనుకుంటదంట మనసు."

పాత వైద్య గ్రంథాలు చాలానే తిరగేశాను. గుబులుకు లేహ్యాలు చెప్పినవే గాని, భయపడ్డ చోటనే కూర్చోమన్నది ఎక్కడా కనబడలేదు. ఈత నేర్పేవాళ్లకు మాత్రం ఇది ఎప్పటి నుంచో తెలుసు.

"మరి కూర్చుంటున్నవా?"

"ఏడ? నా జాగల గోవిందుగాడు కూర్చున్నడు గద!"

గోవిందు అతని తమ్ముడు. గద్వాల చీరకు నడుమ బట్ట వేరు, పట్టు అంచు వేరు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని కలిపి నేస్తారు. అంచు నేసేది నాగప్ప భార్య రేణుకమ్మ. నాగప్ప లేచిన చోట మరిది కూర్చున్నాడు.

"వాళ్ల తప్పేం లేదు. కాని వాడు ఏదో అంటడు, ఆమె నవ్వుతది. నాతోని కూర్చున్నప్పుడు గట్ల నవ్విందా అని యాది చేసుకుంట పండుకుంట. వాడు తుమ్మినా నవ్వుతది పెద్దాయనా!"

"వాని నేత బాగుండదా?"

"మంచిగుంటది. గదే నా బాధ."

మొన్న మధ్యాహ్నం వాళ్లిద్దరూ రొట్టె తినడానికి లేస్తే, నాగప్ప గుంతలో దిగాడు. దడ మొదలైంది. లేవబోయాడు. లోపల రేణుకమ్మ నవ్వింది.

"నేను లేస్తే వాడొచ్చి కూర్చుంటడు. సస్తే సస్తగాని లేవననుకున్న. పండ్లు బిగబట్టి నేసిన. జరసేపటికి దడ అదే పోయింది."

డాక్టరు ఇవాళ అది విని నవ్వి, రోజూ కూర్చో, గోళీలు ఆపొద్దు అన్నాడట.

కాని ఒకే చీర నడుమ బట్టను రెండు చేతులు మారి నేయకూడదు. పోగు బిగించడంలో నాగప్పది బరువు దెబ్బ, గోవిందుది తేలిక చెయ్యి. బట్టలో చార పడింది. రేణుకమ్మ బొటనవేలితో తడిమి పట్టుకుంది. మొగుడు వినేలా మరిదితో అందట: "ఎవల చెయ్యో నాకు తెల్వదా? కూర్చుంటే మొదటి నుంచి కూర్చోమను. లేకుంటే ముట్టొద్దను."

ఆ చీర నేత ముగిసింది, ఇవాళ మగ్గం నుంచి కోస్తారు. కొత్త పడుగుకు మొదటి దెబ్బ ఎవరు కొడితే, అది అయిపోయేదాకా చోటు వాళ్లదే. అంతటి రోజున ఇతను బస్సు దిగి కూర్చున్నాడు.

తరవాతి బస్సు ఇంకా నిండుగా వచ్చింది. నాగప్ప ముఖం పాలిపోయింది.

"గోవిందు ఈపాటికి గుంతలో దిగుతుంటడు," అన్నాను.

నన్ను కొరికేసేటట్టు చూసి ఎక్కాడు, వెనకే నేనూ ఎక్కాను. లోపల నా భుజం పట్టుకుని వణికాడు. అంగీ తడిసిపోయింది. "దిగుత, దిగుత" అన్నాడు గాని దిగలేదు. గద్వాల ఇంకా కొంత దూరం ఉందనగా, నా భుజం వదిలి, తమ్ముని నేతలో తప్పులు చెప్పడం మొదలుపెట్టాడు. నాడి చూసుకోవడం మరిచిపోయాడు.

వాళ్ల వాడ దాకా వెంట వెళ్లాను. అన్ని ఇళ్లలోనూ మగ్గాలు మోగుతున్నాయి. నాగప్ప చెవి పెట్టి విన్నాడు.

"మా ఇంట్ల సప్పుడు లేదు. సీర కోసిండ్రు."

వాకిట్లోంచి కనబడింది: రేణుకమ్మ తన చోట కూర్చుని ఉంది, పక్కన ఖాళీ. గోవిందు గుంత అంచు మీద కాళ్లు వేలాడేసుకుని ఉన్నాడు.

నాగప్ప చెప్పులు విడిచాడు. నా వైపు తిరగనైనా లేదు.

"జరుగురా," అంటూ లోపలికి నడిచాడు.