నాగరత్నం గారి కనుబొమలు

"ఒంట్లో బాగోలేదాండీ?" అని అడిగిన వాళ్ళందరికీ నాగరత్నం ఒకటే జవాబు చెప్పేది. "ఏం లేదండి, రాత్రి నిద్ర సరిగా పట్టలేదు."

అబద్ధం. ఆమెకు నిద్ర బ్రహ్మాండంగా పట్టేది. ముఖమే అలా తయారైంది, కళ్ళ కింద గుంటలు, కనుబొమల మధ్య రెండు నిలువు గీతలు. చీరలు కొనడానికి వచ్చినవాళ్ళు చీరల సంగతి చూసుకుని పోవచ్చు కదా. పోరు. బిల్లు కట్టేటప్పుడు గొంతు తగ్గించి, ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడ్డట్టు పరామర్శిస్తారు. వినీ వినీ ఆమెకు ప్రాణం విసిగిపోయింది.

రాజమండ్రి తాడితోటలో వాళ్ళ బట్టల కొట్టు. భర్త జగన్నాథరావు పోయినప్పుడు, ఆడదానివి నీవల్ల ఏమవుతుంది, అమ్మేయమని చుట్టాలంతా చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. నాగరత్నం కర్మకాండలు అయ్యాక వెళ్ళి గల్లాపెట్టె ముందు కుర్చీలో కూర్చుంది. అంతవరకూ బజార్లో ఆమె ఫలానా వారి భార్య, అంతే. ఆ కుర్చీ ఎక్కాకే ఆమెకు సొంతంగా ఒక పేరు వచ్చింది. కాళ్ళు వాచినా, నడుము పట్టేసినా ఆ కుర్చీ వదల్లేదు. ఆమెకు అదంటే ప్రాణం. ఆ మాట పైకి చెప్పడానికి మాత్రం సిగ్గు.

ఆ కొట్టులో బేరానికి ఒక పద్ధతి ఉంది. పెళ్ళి బట్టలకు వచ్చేవాళ్ళు బేరమాడకుండా లేవరు. పరుపు మీద పట్టుచీరలు పరిచి చూపించే దేవకుమారి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, మధ్యలో గల్లా వైపు ఒక చూపు చూస్తుంది. నాగరత్నం ముఖం మామూలుగా ఉంటే ఇంకా దిగవచ్చని, కనుబొమలు ముడిచిందంటే ఇక ఆపమని. నోరు విప్పకూడదు, తల ఆడించకూడదు. కొనేవాళ్ళు పసిగట్టారంటే బేరం చెడుతుంది. ఈ ఏర్పాటు ఎవరూ కూర్చుని చేసింది కాదు. నడిచీ నడిచీ అలవాటై, అలా ముడుస్తున్నానన్న సంగతే నాగరత్నం మర్చిపోయింది.

ఒకరోజు భోజనాల దగ్గర కొడుకు ఉదయ్‌భాస్కర్ మెల్లగా కదిపాడు.

"అమ్మా, అందరూ నన్నే అడుగుతున్నారు, మీ అమ్మగారిని ఇంకా ఎందుకు కష్టపెడుతున్నావని. పెళ్ళిళ్ళ సీజన్ అయ్యాక నువ్వు ఇంటిపట్టున ఉండు. గల్లా రమ్య చూసుకుంటుంది."

కోడలు రమ్యశ్రీ తలెత్తకుండా మజ్జిగ పోసింది. మంచి పిల్ల. బిల్లింగ్ కంప్యూటర్ దగ్గర పొద్దస్తమానం నిలబడుతుంది, ఒక్కరోజు విసుక్కున్నది లేదు. అందుకే నాగరత్నానికి కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

ముఖమే కదా వీళ్ళ బాధ, అనుకుంది. ముఖం సంగతి చూస్తే సరి.

పెద్దమ్మ కూతుర్ని చూసి వస్తానని ఇంట్లో చెప్పి కాకినాడ బస్సెక్కింది. రాజమండ్రిలో స్కిన్ క్లినిక్‌లు లేక కాదు, మెట్ల మీద ఏ కస్టమరో ఎదురుపడితే తల ఎక్కడ పెట్టుకోవాలి? కాకినాడ డాక్టరు సాయిప్రసన్న ఆమె కూతురయ్యేంత వయసు పిల్ల. చేతికి అద్దం ఇచ్చింది.

"ఎలా కనిపించాలని ఉందండీ?"

"పడుచుపిల్లలా అక్కర్లేదమ్మా. నన్ను చూసి ఎవరూ జాలిపడకుండా ఉంటే చాలు. చేయించుకున్నట్టు ఇంకొకళ్ళకి తెలియకూడదు."

డాక్టరు ఓపిగ్గా చెప్పింది. ఇంజెక్షన్లు రెండు రకాలట. బొటాక్స్ నుదుటి కండరాన్ని కదలకుండా చేస్తుంది, దాంతో గీతలు సాఫవుతాయి. మూడు నాలుగు నెలల్లో దాని పని అయిపోతుంది. రెండోది ఫిల్లర్. గుంట పడిన చోట జెల్ నింపుతారు, ఏడాది దాకా ఉండొచ్చు.

"మీ ముఖంలో అలసట కళ్ళ కింద ఉందండి, నుదుట్లో కాదు. నన్నడిగితే కొంచెం ఫిల్లర్ చాలు. సహజంగా ఉంటుంది."

"అది నచ్చకపోతేనో?"

"కరిగించడానికి ఇంకో ఇంజెక్షన్ ఉందండి."

కుట్లు విప్పినా సూది బెజ్జాలు గుడ్డకు ఉండిపోవడం నాగరత్నం చూడనిది కాదు. ఒకదాన్ని విప్పడానికి ఇంకొకటి అన్న మాట ఆమెకు రుచించలేదు. నచ్చకపోతే దానంతటదే పోయేదాన్ని పట్టుకోవడమే తెలివనుకుంది. కొత్త రకం చీరలు వచ్చినా ముందు నాలుగు తెప్పించి, అమ్ముడుపోతేనే కట్ట తెప్పించే మనిషి మరి.

"మీ పనిలో ముఖంతో అవసరం ఎక్కువ ఉంటుందాండీ? పాఠాలు చెప్పడం, స్టేజీ ఎక్కడం లాంటివి?"

"ఏం పనమ్మా, గల్లా దగ్గర కూర్చోవడమే," అంది నాగరత్నం, బొటాక్స్‌కే తల ఊపుతూ.

రెండు వారాల్లో నుదురు ఇస్త్రీ చేసినట్టు అయింది. పరామర్శలు తగ్గాయి. "అమ్మగారు తేటగా ఉన్నారు" అన్నవాళ్ళూ ఉన్నారు. నాగరత్నం లోలోపల మురిసిపోయింది.

అప్పుడు మండపేట నుంచి రైస్ మిల్లు వాళ్ళు పెళ్ళి బట్టలకు దిగారు. ఇంటిల్లిపాదీ పరుపంతా పరుచుకుని కూర్చున్నారు. పెళ్ళికూతురి మేనత్త బేరంలో గండరగండురాలు. దేవకుమారి కొంచెం తగ్గించి గల్లా వైపు చూసింది. నాగరత్నం కనుబొమలు ముడిచింది. ముడిచానని అనుకుంది. దేవకుమారి ఇంకాస్త తగ్గించి మళ్ళీ చూసింది. నాగరత్నం శక్తికొద్దీ ముడిచింది. నుదురు నుదురుగానే ఉంది. దేవకుమారి పాపం ఇంకా దిగింది. ఇక దిక్కుతోచక నాగరత్నం దగ్గింది. దేవకుమారి చీరలు వదిలేసి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది.

"తాగండి అమ్మగారూ. పొలమారినట్టుంది."

తాము కొన్న ధరకే పట్టుచీర వెళ్ళిపోయింది. రెండోది కూడా దారి పట్టబోతుండగా, కంప్యూటర్ దగ్గర నిలబడ్డ రమ్యశ్రీ కనుబొమలు ముడిచింది. ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు, ఇన్నేళ్ళూ అత్తగారి ముఖం చూస్తూ నేర్చుకుంది. దేవకుమారి ఆగిపోయింది. ఆ మధ్యాహ్నమంతా దేవకుమారి చూపు కంప్యూటర్ వైపే వెళ్ళింది.

కొట్టు కట్టేశాక కొడుకు అమ్మ పక్కన కూర్చున్నాడు. కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు.

"నువ్వు చూస్తూ ఊరుకున్నావమ్మా. ఇదివరకైతే అలా పోనిచ్చేదానివా? ఇక నీకు పట్టడం లేదు. తప్పు కాదు. ముఖం కూడా చూడు, ఎంత ప్రశాంతంగా ఉందో. మనసులో ఆ కుర్చీ ఎప్పుడో దిగిపోయావు నువ్వు."

ఇంజెక్షన్ సంగతి చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే కుర్చీ పోతుంది. ఈ వయసులో సోకులకు పోయిందన్న మాట కొడుకు మనసులో పడడం ఆమెకు చావుతో సమానం. చెప్పాలని నోరు తెరిచింది.

"సరేలే నాన్నా. నీ ఇష్టం," అంది.

ముఖంలో ఏమీ కనిపించలేదు. కనిపించి ఉంటే వాడు ఇంకోసారి అడిగేవాడేమో.

మరునాటి నుంచి గల్లా దగ్గర రమ్యశ్రీ కూర్చుంది. ఇంట్లో తోచక, నాగరత్నం సాయంత్రాలు వచ్చి కస్టమర్ల కోసం వేసిన కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చునేది.

ఎండలు ముదిరాక ఒకరోజు అద్దం ముందు బొట్టు పెట్టుకుంటుంటే కనుబొమల మధ్య ఒక గీత కదిలింది. వారం తిరిగేసరికి రెండూ వచ్చేశాయి. పోయిన మనుషులు తిరిగొచ్చినంత సంతోషపడింది నాగరత్నం. ఆ సాయంత్రం చీర అంచు సరిచేసుకుని మరీ కొట్టుకు వెళ్ళింది.

ధవళేశ్వరం నుంచి వచ్చినవాళ్ళతో దేవకుమారి బేరంలో ఉంది. తల తిప్పింది. నాగరత్నం కనుబొమలు ముడిచింది. ఈసారి నిజంగానే ముడిపడ్డాయి, నుదురు లాగుతున్నట్టు తెలిసింది కూడా. దేవకుమారి చూపు ఆమె మీదుగా, కుర్చీల మీదుగా వెళ్ళి గల్లా దగ్గర ఆగింది. రమ్యశ్రీ ముఖం మామూలుగా ఉంది. దేవకుమారి ఇంకాస్త తగ్గించింది. కొన్నవాళ్ళు సంతోషంగా లేచారు.

నాగరత్నం అలాగే ముడిచిన నుదురుతో కూర్చుంది. పక్క కుర్చీలో తన వాళ్ళ కోసం ఎదురుచూస్తున్న ఒకావిడ ఇటు తిరిగింది. ఆవిడకు నాగరత్నం ఎవరో తెలియదు.

"ఏంటండీ, ఒంట్లో బాగోలేదా? నీరసంగా ఉన్నారు."

నిద్ర పట్టలేదన్న మాట నోటిదాకా వచ్చింది. చెప్పబుద్ధి కాలేదు.

"అవునండి," అంది నాగరత్నం. "అలిసిపోయాను."

"మరి ఇంత ఎండలో మీరు రావడం ఎందుకండీ? పిల్లలెవరైనా చూసుకుంటారు కదా," అంది ఆవిడ.

"చూసుకుంటున్నారండి," అంది నాగరత్నం.