కోడిపేగుల గిర్నీ

మొన్న మా అమ్మాయి అక్వేరియం కోసం చేపల మేత డబ్బా కొన్నాను. ఇంటికొచ్చి మూత తీయగానే ఎండిన మాంసమూ తవుడూ కలిసిన వాసన గుప్పున ముక్కుకు తగిలి, వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను.

నా చిన్నతనమంతా ఆ వాసనలోనే గడిచింది. మొయినాబాద్ దగ్గర చేవెళ్ల దారిలో కొంచెం లోపలికి వెళితే, హిమాయత్‌నగర్ ఊరి పొలిమేరలో మాకు రెండెకరాల మెట్టచెలక ఉండేది. అందులో మా బాపు రేకుల షెడ్డు వేశాడు. చెరువుల్లో రవ్వ, బొచ్చె చేపలు పెంచేవాళ్లకు ఎండుచేపల పొడి కొనే తాహతు లేని రోజులవి. అటు ఐటీ కంపెనీల అద్దాల మేడలు లేస్తున్న కొద్దీ పట్నంలో చికెన్ దుకాణాలు పెరిగాయి. అవి పారేసే పేగులు, తలకాయలు, కాళ్లు నీలం డ్రమ్ముల్లో రోజూ పొద్దున్నే మా షెడ్డుకు వచ్చేవి. బాపు వాటిని పెద్ద కడాయిలో ఉడికించి, ఇనుప తెడ్డుతో కలియబెడుతూ, పైకి తేలిన కొవ్వు తీసేసేవాడు. ఉడికిన ముద్దను అవ్వ, అంటే మా అమ్మ, టార్పాలిన్ల మీద ఎండబెట్టి, గిర్నీలో పట్టి, తవుడూ, నూనె తీసిన పల్లిచెక్కా కలిపి చేపల మేత చేసేది.

ఎండాకాలం గద్దలు టార్పాలిన్ల మీదికి దూకి, ఒక్క పేగుముక్క కోసం గాలిలోనే ఒకదాన్నొకటి చీరుకునేవి. కుక్కలు డ్రమ్ముల దగ్గర రక్తాలొచ్చేలా కరుచుకునేవి. వానాకాలంలో ఎండని ముద్దలో తెల్లటి పురుగులు మెసిలేవి. నేను తెగిన కోడికాలులోని నరం పట్టి లాగి, దాని గోళ్లు ముడుచుకునేలా చేసి, బడి పిల్లలను గీరేదాన్ని. సద్దుల బతుకమ్మ నాడు అవ్వ కుంకుడుకాయలతో రెండుసార్లు తలంటినా, నేనిచ్చిన రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దను ఎవరూ నోట పెట్టేవారు కాదు. ఒక ఏడు ముక్కు మూసుకున్న పిల్ల చెయ్యి కొరికాను. వాళ్లమ్మ నన్ను చీపురుతో బాదింది. మా అవ్వ వెళ్లి ఆమె కొప్పు పట్టుకుంది.

బాపుకు ఒక్కడే తమ్ముడు, మా శ్రీశైలం చిన్నాయన. బాపు తాను బడి మొహం చూడకపోయినా తమ్ముణ్ని పదో తరగతి దాకా చదివించాడు. భూముల ధరలు లేచాక చిన్నాయన ప్లాట్లు చేసి అమ్మేవాళ్ల వెంట తిరగసాగాడు. నాకు పదేళ్లప్పుడు, దసరా ముందర ఒక పొద్దున, తెల్లబట్టలతో, చేతిలో చెలక అమ్మకం కాగితాలతో షెడ్డుకు వచ్చాడు. కడాయి కుతకుతా ఉడుకుతోంది. అవ్వ గిర్నీ దగ్గర ఉంది.

"ఒక్క ఏలుముద్ర ఎయ్యి అన్న. ఈ కంపుల ఇంకెన్నేండ్లు బతుకుతవ్?" అన్నాడు.

"ఈ కంపే నిన్ను సదివిచ్చింది," అన్నాడు బాపు, తెడ్డు ఆపకుండా.

చిన్నాయన మొహం నల్లబడింది. కాలెత్తి కడాయిని తన్నాడు. అది ఒక పక్కకు ఒరిగి, మరుగుతున్న నీళ్లూ కొవ్వూ బాపు రెండు పాదాల మీద పడ్డాయి. బాపు అరుస్తూనే తెడ్డెత్తి చిన్నాయన భుజం మీద కొట్టాడు. రెండోసారి ఎత్తేసరికి చిన్నాయన వెనక్కి జరిగి, ఆసరా కోసం కుడిచెయ్యి వెనక్కి చాచాడు. అక్కడ గిర్నీ బెల్టు తిరుగుతోంది. అది చేతిని చక్రంలోకి లాక్కుపోయింది. అవ్వ ఒక్క గెంతులో స్విచ్చి ఆపింది గానీ, అప్పటికే మూడు వేళ్లు పోయాయి.

అవ్వ తన కొంగు చింపి ఆ చేతికి చుట్టింది. బాపు తెడ్డు పారేసి, తమ్ముణ్ని భుజానికెత్తుకుని, తోలు ఊడిన పాదాలతో రోడ్డు దాకా పరుగెత్తాడు. వెనకాల మట్టిలో తడి అడుగులు పడుతుంటే వాటిని తొక్కకుండా నేనూ పరుగెత్తాను. అటుగా వచ్చిన షేర్ ఆటోవాడు, అందులో ఉన్నవాళ్లను దింపేసి, మమ్మల్ని చేవెళ్ల దవాఖానకు తీసుకెళ్లాడు.

అక్కడ ఒక పోలీసాయన నా ముందు కూర్చుని అడిగాడు: "నువ్వు సూసినవా బిడ్డ, ఏమైంది?"

అవ్వ నేల చూస్తోంది. ఏం చెప్పాలో నాకెవరూ నేర్పలేదు.

"కాలు జారి ఇద్దరు పడ్డరు సారు," అన్నాను.

మంచం మీద చిన్నాయన విన్నాడు. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

బాపు మళ్లీ పొయ్యి వెలిగించలేదు. పాదాలు మానాక తనే వెళ్లి భూమి కాగితం మీద వేలిముద్ర వేశాడు. పదో తరగతి చదివిన చిన్నాయన, తన వాటాకు సంతకం పెట్టేందుకు కలం పట్టే చెయ్యి లేక, ఎడమచేతి వేలిముద్ర వేశాడు. అన్నదమ్ములు ఆ తర్వాత పెళ్లిళ్లకు, చావులకు కలిశారు గానీ ఆ పొద్దు మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఆ చెలకలో విల్లాలున్నాయి. షెడ్డు లేదు, గద్దలు లేవు, బాపూ అవ్వా లేరు. చిన్నాయన షాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. పోయిన నెల చూడబోతే, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అడిగాడు.

"నాకు యాది సక్కగ లేదు స్వరూప. ఆ పొద్దు కాలు జారింది కదా?"

ఇన్నేళ్లకు అబద్ధం నోట రాలేదు. "లేదు చిన్నాయన. నువ్వు కడాయి తన్నినవ్. బాపు కొట్టిండు."

తెగిన వేళ్ల మొదళ్లను ఎడమచేత్తో తడుముకున్నాడు.

"మరి నన్ను రోడ్డు దాంక ఎవలు మోసిండ్రు?"

"బాపే."

"ఆ కాళ్లతోనా?" అన్నాడు చిన్నాయన.