ఇటుక దాహం తెలిసిన మేస్త్రి

రోజుకు తొమ్మిది వందల ఇటుకలు. గేటు దగ్గరి కుప్ప నుంచి పరంజా కింది దాకా మేస్త్రి చక్రాల బండి మీద తోసుకుపోయేవి అన్ని. పైన నిలబడి వాటిని పేర్చేవాళ్లలో సగం మంది ఆయన కన్నా ఇరవై ఏళ్లు చిన్నవాళ్లు. ఆయన సొంత దేశంలో ఇరవై ఆరేళ్లు తాపీ పట్టినవాడు.

"ఇన్నేళ్లూ ఇటుకలే నా చేతి దాకా వచ్చేవి. ఇప్పుడు వాటిని నేను సాగనంపుతున్నా. మర్యాద ఒకవైపే ఉంటే ఎలా?" అంటాడు.

స్వదేశంలో అపార్టుమెంట్లను గోడలతో సహా అచ్చుల్లో కాంక్రీటు పోసి లేపడం మొదలయ్యాక, ఇటుక పని వారానికి రెండు రోజులకు దిగింది. విదేశంలో కరెంటు పని చేసే బావమరిది, "ఇక్కడ ఇంకా ఇటుక గోడలే బావా, వచ్చెయ్" అన్నాడు. నలభై ఆరో ఏట మేస్త్రి భార్యను వెంటబెట్టుకుని విమానమెక్కాడు. ఆమెకు ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పని దొరికింది. ఆయనకు తాపీ దొరకలేదు. అక్కడ గోడ కట్టాలంటే ముందు పరీక్షలో కట్టి చూపించి కార్డు తెచ్చుకోవాలి. రెండే అవకాశాలు. రెండోదీ తప్పితే ఇటుకలు మోసే ఒప్పందం కూడా పొడిగించరు. ఇద్దరూ సామాను సర్దుకోవాల్సిందే.

మొదటి పరీక్షలో పన్నెండు వరసల మూల గోడ ఇచ్చారు. ఐదు గంటల సమయం. నిలువులో మూడు మిల్లీమీటర్లకు మించి తేడా రాకూడదు. మేస్త్రి మొదట అడిగింది తొట్టెడు నీళ్లు. తండ్రి నేర్పినట్టే ఇటుకలన్నీ నానబెట్టాడు. బట్టీలో కాలిన మన ఇటుకకు దాహం ఎక్కువ. పొడిగా పెడితే సిమెంటు మాలులోని నీళ్లన్నీ తాగేస్తుంది, అతుకు పిండిలా రాలిపోతుంది. పరీక్షలో ఇచ్చినవి యంత్రంలో నొక్కి చేసిన గట్టి ఇటుకలు. తాగవు. నానబెట్టినవాటి మీద మాలు బిగుసుకోలేదు. ఏడో వరసకల్లా ఇటుకలు సబ్బు మీద పెట్టినట్టు జారాయి. తూకం గుండు వేలాడదీస్తే మూల తొమ్మిది మిల్లీమీటర్లు బయటికి వచ్చింది.

బయట కాచుకున్న బావమరిది, "ఇటుకలకి స్నానం చేయించమని ఎవరు చెప్పారు బావా?" అన్నాడు.

"మా నాన్న."

"ఆ మాట లోపల చెప్పాల్సింది. పెద్దాయన మీద గౌరవంతో రెండు మార్కులు వేసేవాళ్లేమో."

"వద్దులేరా. గోడకి జలుబు చేసింది, అంతే. తగ్గుతుంది."

ఆ సాయంత్రం మేస్త్రి ఒక విరిగిన ఇటుక ఇంటికి తెచ్చి, దాని మీద చెంచాడు నీళ్లు పోసి చూస్తూ కూర్చున్నాడు. నీళ్లు అలాగే నిలిచాయి. భార్య చీపురు పట్టుకుని వచ్చి చూసింది.

"నూలు చీరా నైలాను చీరా ఒకేలా నానబెడతామా ఏంటండీ? గుడ్డ పట్టుకు చూస్తేనే కదా తెలిసేది" అంది.

"ఈ మాట పొద్దున చెప్పొచ్చుగా."

"పొద్దున మీరు మేస్త్రి. ఇప్పుడేగా వినే ఓపిక వచ్చింది."

రెండో పరీక్షకు పది వారాల గడువు. సూపర్‌వైజర్‌ను అడిగి నలభై ముక్క ఇటుకలు తెచ్చుకున్నాడు. మూడో అంతస్తులోని అద్దె ఇంటి బాల్కనీలో ఆదివారం ఆదివారం గోడ. సిమెంటు లేకుండా సున్నం, ఇసుక కలిపిన మాలుతో కట్టడం, కొలవడం, విప్పడం, ఇటుకలు కడిగి ఆరబెట్టడం. కొలిచేది భార్య. ఆమె కావాలనే ఆయన ఎడమ చేతి పక్కన నీళ్ల బకెట్టు పెట్టేది.

"బకెట్టు లేనప్పుడు ముంచకపోవడం గొప్పేం కాదు. పక్కనుండగా మానండి. మీరు చుట్ట మానింది అలాగేగా."

మొదటి ఆదివారం చెయ్యి పదకొండుసార్లు బకెట్టులోకి పోయింది. నాలుగో ఆదివారం మూడుసార్లు. ఆరో వారానికి పోలేదు.

మధ్యలో ఒకరోజు కింది అంతస్తు ముసలావిడ, తన బాల్కనీలోకి ఇసుక నీళ్లు కారుతున్నాయని పైకొచ్చింది. మేస్త్రికి ఆ దేశపు మాటలు పాతిక వచ్చు. అన్నీ పని దగ్గర నేర్చినవి, సగం హెచ్చరికలే. క్షమించమని చెప్పబోయి, ఎంతో వినయంగా, "తల జాగ్రత్త, పైనుంచి పడుతోంది" అన్నాడు. ఆవిడ ఒకసారి పైకప్పు చూసి, ఆయన్ని చూసి, నవ్వు ఆపుకోలేకపోయింది. భార్య తుడిచే గుడ్డతో కిందికెళ్లి ఆ బాల్కనీ కడిగి వచ్చింది. మరుసటి ఆదివారం నుంచి బాల్కనీ అంచున పాత దుప్పటి చుట్టి అడ్డు పెట్టారు.

రెండో పరీక్ష నాడు ఎండ మండిపోతోంది. పరీక్ష పెట్టే అధికారి పోయినసారి వచ్చినవాడే. ఇటుకలు మాత్రం అవి కావు. ఎర్రగా, తేలిగ్గా, పొద్దుటి నుంచి ఎండలో కాగుతున్నాయి. ఒకటి చేత్తో ఎత్తగానే మేస్త్రికి అనుమానం వచ్చింది. మంచినీళ్ల సీసా మూత తీసి మూతెడు నీళ్లు దాని మీద పోశాడు. చూస్తుండగానే ఇంకిపోయాయి.

పది వారాలు పట్టుబట్టి మానుకున్నదాన్ని ఇప్పుడు మళ్లీ చేయాలి. చేస్తే, పోయినసారి తప్పే మళ్లీ చేశాడనుకుంటారు. చేయకపోతే గోడ నిలవదు. కంచె బయట బావమరిది రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ నీళ్లు వద్దని సైగ చేస్తున్నాడు. మేస్త్రి అటు చూడడం మానేసి తొట్టెడు నీళ్లు అడిగాడు.

అధికారి కాగితం మీద ఏదో రాసుకుంటూ, ఎందుకని అడిగాడు. అది చెప్పేంత భాష మేస్త్రికి రాదు. ఇంకో ఇటుక తీసి, దాని మీదా మూతెడు నీళ్లు పోశాడు. ఇద్దరూ వంగి చూశారు. అవీ ఇంకిపోయాయి. అధికారి తొట్టి తెప్పించాడు. ఈసారి మేస్త్రి నానబెట్టలేదు. కుంచె ముంచి ఒక్కో ఇటుకకు పైతడి మాత్రం ఇచ్చాడు. నాలుగు గంటల నలభై నిమిషాల్లో పన్నెండో వరస అయింది.

"నీళ్లెందుకు అడిగావు బావా? నా గుండె ఆగిపోయింది" అన్నాడు బావమరిది, బయటికి రాగానే.

"కరెంటువాడివి, షాకుకి తట్టుకోలేకపోతే ఎలారా?"

నిలువులో తేడా రెండు మిల్లీమీటర్లు. కార్డు శుక్రవారం చేతికొచ్చింది. సోమవారం ఉదయం ఏడింటి నుంచి ఆయనకు రెండో అంతస్తు, ఎడమ మూల. కింద బండి తోయడానికి ఆయన బదులు ఇంకా ఎవరినీ పెట్టలేదు కాబట్టి, ఆ వారం మేస్త్రి తన ఇటుకలు తనే తోసుకొచ్చి, పరంజా ఎక్కి తనే కట్టుకోవాలి.