పున్నయ్యగారి వెనక చక్రం

బసవపున్నయ్యగారి సైకిలు వెనక చక్రంలో గాలి ఉండదు. పోయిందని కాదు, ఉండదు. ఢిల్లీ మయూర్ విహార్‌లోని ఆ అపార్టుమెంట్ల సొసైటీలో లిఫ్టు ఒక్కోరోజు పనిచేస్తుంది, ఒక్కోరోజు చేయదు. నీళ్ళు ఒక్కోరోజు వస్తాయి, ఒక్కోరోజు రావు. పున్నయ్యగారి చక్రంలో మాత్రం ఏ రోజూ గాలి ఉండదు. అక్కడ ధైర్యంగా నమ్ముకోదగ్గ విషయం అదొక్కటే.

గాలి లేని సైకిలుని లోకంలో ఎవరైనా తోసుకుంటూ నడుస్తారు. పున్నయ్యగారు ఎక్కి తొక్కుతారు. నిటారుగా కూర్చుని, గడ్డం పైకెత్తి, పెరేడ్‌లో వెళుతున్నంత ఠీవిగా తొక్కుతారు. రిమ్ము అష్టవంకరలు తిరిగిపోయింది. టైరు ఎండలో కుక్క నాలుకలా పక్కకి వేలాడుతుంటుంది. చక్రం తిరిగినప్పుడల్లా టప్... టప్... టప్... అని మూడో అంతస్తు దాకా వినిపిస్తుంది. నడిచివెళ్ళేవాళ్ళు ఆయన్ని దాటుకుని వెళ్ళిపోతుంటారు. ఓసారి చేతికర్రతో వెళుతున్న పంజాబీ తాతగారొకాయన ఆయన్ని దాటి, వెనక్కి తిరిగి, జాలిగా "లిఫ్ట్ చాహియే క్యా?" అని అడిగారట.

అసలు వింత ఇంకోటుంది. పున్నయ్యగారు ఎయిర్‌ఫోర్సులో చేసి రిటైరయ్యారు. అక్కడ ఆయన పనేమిటయ్యా అంటే, విమానాల చక్రాల్లో గాలి సరిగ్గా ఉందో లేదో చూడడం!

ఆ అలవాటు ఇంకా పోలేదు. సొసైటీలో ఆగి ఉన్న కార్ల మధ్య తిరుగుతూ టైర్లని బొటనవేలితో నొక్కి చూస్తారు. "మీ ఎడం పక్క ముందు టైరులో గాలి తగ్గింది బాబూ, హైవే ఎక్కేముందు కొట్టించుకో" అని పిలిచి మరీ చెబుతారు. పిల్లల ఫుట్‌బాళ్ళకి గాలి కొట్టిపెడతారు. పుట్టినరోజుకి భార్య అనసూయ ఒక మంచి పంపు కొనిపెడితే, ఎంతో ముచ్చటపడి, దాంతో కూలర్లో దుమ్ము దులిపారు.

"అందరి చక్రాలూ కావాలి ఈయనకి, తన చక్రం తప్ప" అని అనసూయ కనపడ్డవాళ్ళందరితోనూ అంటుంది.

గాలి కొట్టించుకోమని గేటు దగ్గర గార్డు రోజూ చెప్పేవాడు. "అంకుల్‌జీ, హవా భర్వా లీజియే."

"కల్ పక్కా" అనేవారు పున్నయ్యగారు. ఆ రేపు రెండేళ్ళుగా రాలేదు.

ఇంత చప్పుడూ చాలదన్నట్టు, తొక్కుతూ తొక్కుతూ ఆయన సైకిలుతో మాట్లాడతారు కూడా. అదీ పెద్ద గొంతుతో. "ఇదిగో, ఎడం పక్క గొయ్యి! చూసుకో!" "స్పీడ్ బ్రేకరొస్తోంది, నెమ్మది, నెమ్మది." "మధ్యలో కుక్క పడుకుంది. కాస్త కుడికి జరుగు తల్లీ." పిల్లలు ఆయనకి పంక్చర్ అంకుల్ అని పేరు పెట్టి, వెనకాలే నడుస్తూ "టప్ టప్" అని వంతపాడేవాళ్ళు. పెద్దవాళ్ళు నవ్వుకుని ఊరుకునేవాళ్ళు. నవ్వలేనివాడు ఒక్క జనార్దనరావే.

జనార్దనరావు ఆ సొసైటీకి సెక్రటరీ. నోయిడాలో ఏదో కంపెనీలో మేనేజరు. ఇంటికొచ్చేసరికి రాత్రి అయిపోతుంది. పొద్దున్నే హాయిగా పడుకుందామంటే, సరిగ్గా తెల్లారేవేళకి అతని పడగ్గది కిటికీ కిందినుంచే ఊరేగింపు బయల్దేరుతుంది. టప్... టప్... "మెట్టుంది, మెట్టు!" ... టప్.

జనార్దనరావు దిండు చెవులమీద కప్పుకుని, "ఈ మనిషికి పాలు ఇంత పొద్దున్నే ఎందుకే?" అనేవాడు.

"మీ అమ్మగారూ ఆ వేళకే వెళతారుగా. ఆవిణ్ణి అడగండి" అనేది భార్య ఉషశ్రీ.

అది నిజమే. జనార్దనరావు తల్లి కాంతమ్మ రోజూ స్టీలు క్యాను పట్టుకుని రోడ్డు దాటి పాలబూతుకి వెళుతుంది. అక్కడ టోకెన్ వేస్తే యంత్రంలోంచి పాలు మన క్యానులోకే పడతాయి. ప్యాకెట్ పాలు ఆవిడకి గిట్టవు. రేపల్లెనుంచి కొడుకు దగ్గరికి వచ్చాక, ఢిల్లీ మహానగరంలో ఆవిడ సొంతమనుకున్నది ఆ పాలబూతు ప్రయాణమొక్కటే. హిందీ రాకపోయినా అక్కడ ఆవిడకి బీహారు స్నేహితురాలుంది, బెంగాలీ స్నేహితురాలుంది. ఎవరి భాషలో వాళ్ళు కోడళ్ళ గురించి చెప్పుకుని తేలికపడి వస్తారు.

రోడ్డుమీద ఈ-రిక్షాలు చూసి కొడుక్కి భయం. "యాప్‌లో పెడితే పాలు గుమ్మంలోకొస్తాయమ్మా, నువ్వెందుకు తిరగడం?" అన్నాడు ఓసారి.

కాంతమ్మ ఆ పూట అన్నం తినలేదు. "పాలు తేవడం కూడా మానిపించేస్తే నన్ను షోకేసులో పెట్టుకోరా, బొమ్మల పక్కన" అంది. జనార్దనరావు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. "నువ్వు తూలినా, తడబడినా మాత్రం ఆ రోజుతో ఆఖరు" అని షరతు పెట్టి ఊరుకున్నాడు.

ఆవిడ ఎప్పుడూ తడబడలేదు. అప్పుడప్పుడు మోకాలి నొప్పి అని వెళ్ళేది కాదు, అంతే. పున్నయ్యగారు ఫరీదాబాద్‌లో తమ్ముడింటికి వెళ్ళిన రోజుల్లోనే ఆ మోకాలు నొప్పి పెట్టేదని ఎవరూ గమనించలేదు. ఇంట్లో మాత్రం ఆవిడ మాటలు ఈమధ్య భలే తమాషాగా ఉంటున్నాయని అందరూ నవ్వుకునేవాళ్ళు. మనవరాలు తేజశ్రీ స్నానం చేసి వస్తే, "కొత్త పరికిణీ బాగుందే" అంది.

"నానమ్మా, యే తో టవల్ హై!"

ఆ నెల సొసైటీ మీటింగులో పున్నయ్యగారి సైకిలు విషయం చర్చకి వచ్చింది. తెచ్చింది సెక్రటరీయే.

"చూడండి పున్నయ్యగారూ, మీరంటే మాకు గౌరవం. కానీ అందరికీ నిద్ర చెడుతోంది."

"అందరికీనా బాబూ, మీకొక్కరికేనా?"

"నా ఒక్కడికే అనుకోండి. గాలి కొట్టించడానికి మీకు అభ్యంతరమేమిటి?"

పున్నయ్యగారు గడ్డం పైకెత్తారు. "గాలి ఉంటే వేగం పెరుగుతుందండీ. ఈ వయసులో నాకు వేగం పడదు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టి నవ్వారు. తీర్మానం ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

జనార్దనరావు ఊరుకోలేదు. ఆదివారం మధ్యాహ్నం పున్నయ్యగారు కునుకు తీసే సమయం చూసి కిందికి దిగాడు. సైకిలుకి తాళం లేదు. దాన్ని ఎత్తుకెళ్ళే దొంగ ఢిల్లీలో ఇంకా పుట్టలేదని పున్నయ్యగారి నమ్మకం. ఒట్టి గాలి కొట్టిస్తే మర్నాటికి ఆయన మళ్ళీ తీసేస్తారని అనుమానించి, జనార్దనరావు బుర్రకి పదును పెట్టాడు. కొత్త రిమ్ము వేయించాడు. లోపల ట్యూబే లేని గట్టి రబ్బరు టైరు బిగించాడు. దానికి గాలి కొట్టే పని లేదు, తీసే దారి లేదు. గొలుసుకి నూనె పోయించి, హ్యాండిల్‌కి ఎర్ర రిబ్బను కట్టి, 'సొసైటీ కానుక' అని రాసి, సైకిలుని తెచ్చి దాని చోటున పెట్టేశాడు. ఆ రాత్రి విజయగర్వంతో రెండు లడ్డూలు ఎక్కువ తిన్నాడు.

మర్నాడు ఆ నిశ్శబ్దాన్ని కళ్ళారా చూద్దామని అలారం పెట్టుకుని మరీ లేచాడు. లుంగీతోనే బాల్కనీలోకొచ్చి, గుండెలనిండా గాలి పీల్చుకున్నాడు.

టప్... టప్... టప్...

జనార్దనరావు ఉలిక్కిపడి కిందికి చూశాడు. సైకిలు ధగధగలాడుతూ, నీళ్ళమీద పడవలా మెత్తగా పోతోంది. దానిమీద పున్నయ్యగారు నిటారుగా కూర్చుని, కాళ్ళు నేలకి రాస్తూ వేగాన్ని ఆపుకుంటూ, నోటితో చప్పుడు చేస్తున్నారు.

"టప్... టప్... ఎడం పక్క గొయ్యి... టప్... టప్..."

ఆయన వెనకే, నాలుగడుగుల దూరంలో, క్యాను పట్టుకుని కాంతమ్మ.

"ఏం నాయనా, ఇవాళ నీ సైకిలు గొంతు మారింది? జలుబు చేసిందా?"

"అవును పిన్నిగారూ, మంచుకి కాస్త పట్టేసింది. టప్... టప్... మెట్టుంది, మెట్టు."

కాంతమ్మ మెట్టు ఉన్నచోట సరిగ్గా కాలెత్తింది. ఎత్తేముందు కిందికి చూడలేదు. ఆవిడ కళ్ళు ఎదురుగా ఎక్కడో ఉన్నాయి. చెవి మాత్రం సైకిలు వైపుంది.

జనార్దనరావుకి లడ్డూలు రెండూ గొంతులోకి వచ్చినట్టయింది. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లమీదినుంచి పరుగెత్తాడు.

అతను గేటు దాటేసరికి వాళ్ళిద్దరూ రోడ్డు మొదట్లో ఉన్నారు. మాట్లాడించకుండా, మెల్లగా పక్కనుంచి ముందుకి వెళ్ళాడు. పున్నయ్యగారు సైకిలు దిగి, తోసుకుంటూ, కుడిఎడమలు చూసి, "టప్... టప్..." అంటూ రోడ్డు దాటారు. కాంతమ్మ వెనకాలే అడుగు వేసింది. సరిగ్గా అప్పుడే ఊడ్చేవాళ్ళు లేపిన దుమ్ము తెరలా వచ్చి పున్నయ్యగారి నోట్లో పడింది. ఆయన దగ్గు మొదలెట్టారు. ఒంగిపోయి దగ్గుతున్నారు. టప్పు లేదు, మాటా లేదు.

కాంతమ్మ నడిరోడ్డుమీద ఆగిపోయింది. క్యానుని గుండెకి హత్తుకుని ఇటు తిరిగింది, అటు తిరిగింది. మలుపులోంచి ఈ-రిక్షా ఒకటి హారను కొడుతూ వస్తోంది.

"అమ్మా!" అని అరవబోయి జనార్దనరావు ఆగాడు. ఆ అరుపు వింటే ఆవిడ ఎటు దూకుతుందో తెలీదు. పైగా, దొరికిపోయానని తెలిస్తే రేపట్నుంచి తనే ఇల్లు కదలదు. ఒక్క గెంతులో రోడ్డుమీదికొచ్చి, రిక్షాకి అడ్డంగా చెయ్యి చాపి, నోరు తెరిచాడు.

"టప్... టప్... టప్..."

కాంతమ్మ ముఖంలో కంగారు తగ్గింది. ఆ చప్పుడు వైపు తిరిగి అడుగు వేసింది. జనార్దనరావు వెనక్కి వెనక్కి నడుస్తూ, ఒక చేత్తో లుంగీ పట్టుకుని, "టప్... టప్... ఇక్కడ కొంచెం ఎత్తు... టప్..." అంటూ ఆవిణ్ణి అవతలి గట్టుకి చేర్చాడు.

రిక్షావాడు తల బయటికి పెట్టి, ఒంట్లో బాగాలేదేమోనని, "క్యా హో గయా భాయ్‌సాబ్, తబియత్ తో ఠీక్ హై?" అన్నాడు. పాలబూతు దగ్గర లైనులో ఉన్న సొసైటీ వాళ్ళందరూ తమ సెక్రటరీని కళ్ళార్పకుండా చూస్తున్నారు.

కాంతమ్మ గట్టెక్కి, చెవి కాస్త వంచి వింది. "ఇది పున్నయ్య టప్పు కాదే. ఇందులో ఆఫీసు వినిపిస్తోంది. జనార్దనా, నువ్వేనా?"

జనార్దనరావుకి నవ్వొచ్చింది, దాని వెనకాలే ఇంకేదో వచ్చింది. "నేనేనమ్మా" అన్నాడు.

"చెప్పులు లేకుండా వచ్చావు. చప్పుడు తెలుస్తోంది. జలుబు చేస్తుంది వెధవా."

"ఎన్నాళ్ళనుంచమ్మా కనపడకపోవడం?"

"కనపడుతూనే ఉందిరా, మసగ్గా. ఈ ఊళ్ళో చూడాల్సినవేమున్నాయి కనక?"

"నాకు చెప్పచ్చుగా!"

"చెబితే? పాలు యాప్‌లోకి వెళ్ళిపోతాయి, నేను షోకేసులోకి వెళ్ళిపోతాను."

అప్పటికి పున్నయ్యగారు దగ్గు ఆపుకుని దగ్గరికొచ్చారు. తప్పు చేసిన పిల్లాడిలా హ్యాండిల్‌కున్న రిబ్బను సర్దుతున్నారు. "మీకు దాచాలని కాదు బాబూ. రెండేళ్ళ కింద నిజంగానే పంక్చరైంది. తొక్కుకుంటూ వస్తుంటే వెనకాల పిన్నిగారు, 'నాయనా, కాస్త మెల్లగా పో, నీ చప్పుడు పట్టుకుని వస్తున్నాను' అన్నారు. ఆ మాట విన్నాక గాలి కొట్టించడానికి చేతులు రాలేదు."

"చెయ్యి పట్టుకుని నడిపించచ్చుగా పున్నయ్యగారూ? రిమ్ములు నాశనం చేసుకోవడమెందుకు?"

"చెయ్యి పట్టుకుంటే సాయం చేసినట్టుంటుంది. పిన్నిగారు ఒప్పుకుంటారా?"

"ఛస్తే ఒప్పుకోను" అంది కాంతమ్మ. "ఇప్పుడు జరుగు, లైనులో నా చోటు పోతుంది."

బేరం అక్కడే, లైనులోనే కుదిరింది. కాంతమ్మ కళ్ళ డాక్టరు దగ్గరికి రావాలి. జనార్దనరావు పాల జోలికి రాకూడదు. ఒకరిమీద ఒకరికి నమ్మకం లేక పున్నయ్యగారిని సాక్షిగా పెట్టుకున్నారు.

డాక్టరు చూసి, శుక్లాలు బాగా ముదిరాయి, ఆపరేషన్ చేస్తే చూపొస్తుందని చెప్పారు. చేశారు. కట్టు విప్పిన రోజున అనసూయ, పున్నయ్యగారు చూడ్డానికొచ్చారు. కాంతమ్మ నల్లకళ్ళద్దాల్లోంచి కోడల్ని చూసింది, మనవరాలిని చూసింది, కొడుకుని చూసి "పొట్ట పెరిగిందిరా" అంది. తర్వాత, "పున్నయ్య ఏడీ?" అని అడిగింది.

"ఎదురుగానే ఉన్నానండీ పిన్నిగారూ."

కాంతమ్మ ఆయన్ని పైనించి కిందిదాకా చూసింది. మళ్ళీ పైకి చూసి అక్కడే ఆగిపోయింది.

"నువ్వా! గొంతు విని, నీకు ఇంత ఉంగరాల జుట్టుంటుందనుకున్నాను నాయనా!"

పున్నయ్యగారి చెయ్యి దానంతటదే నున్నటి తలమీదికి పోయింది.

"నేనూ అలాగే మోసపోయాను పిన్నిగారూ" అంది అనసూయ నిట్టూరుస్తూ. "పెళ్ళిచూపులకి ఎయిర్‌ఫోర్సు టోపీ పెట్టుకుని వచ్చారు. తాళి కట్టేదాకా తీస్తే ఒట్టు."

గదంతా గొల్లుమంది. పున్నయ్యగారు ఏదో పని గుర్తొచ్చినట్టు కిందికి దిగి సైకిలెక్కారు. కొత్త టైరుమీద ఆ రోజు ఎంత వేగంగా వెళ్ళారంటే, గేటు దగ్గర గార్డు సెల్యూట్ కొట్టేలోగానే మలుపు తిరిగిపోయారు.