చేతులు కట్టుకుని వండించిన సంగటి

మా నరసరావుపేట ఆడపిల్లల బడిలో గంట కొట్టేదీ నీళ్లిచ్చేదీ నేనే. బడిలో పద్నాలుగు మంది పిల్లలు ఊరిబయట డేరాలేసుకుని ఉండటం నేర్చుకుంటుండేవాళ్లు. నేర్పే టీచరమ్మ పెళ్లి చేసుకుని బెజవాడ పోయింది. శిక్షణ పొందిన ఆడమనిషి తోడు లేకపోతే పిల్లల్ని ఊరు దాటించొద్దన్నారు పైవాళ్లు. డేరాలు పెట్టెలో పడ్డాయి. పిల్లల మొహాలు చూడలేకపోయా. మాచర్ల దగ్గర పిల్లల్ని అట్లా తీసుకుపోయే పెద్దవాళ్లకి నాలుగు రోజుల శిక్షణ ఉందంటే, ఎవరూ కదలకపోతే, "నేను పోతా" అన్నా. అక్షరాలు కూడబలుక్కునేదాన్నే, అయినా పొమ్మన్నారు.

పొద్దున ఆరింటికి బస్సు. యుద్ధం రోజులు, పెట్రోలు లేదు, వెనకాల బొగ్గు పొయ్యి తగిలించుకుని నడిచేది. టిక్కెట్టు రూపాయి నాలుగణాలు. ఎక్కుతుంటే తలపాగా పెద్దాయన నా బోసి నుదురు చూసి, "పొద్దున్నే విధవ ఎదురొచ్చిందిరా" అని గొణిగాడు.

"ఎదురొస్తే కదా తప్పు బాబాయ్, పక్కనే కూర్చుంటాలే" అని ఆయన పక్కనే కూలబడ్డా. బస్సంతా నవ్వింది. పది గంటలకి కారంపూడిలో బొగ్గు వెయ్యటానికి ఆపారు. నేను జొన్నరొట్టె, గోంగూర పచ్చడి విప్పితే ముందు చెయ్యి చాపింది ఆయనే.

ఒంటిగంటకి మాచర్ల. అక్కణ్ణుంచి చంద్రవంక వాగు ఒడ్డుకి నడక. మీరు పోతే చెప్పులేసుకుని పోండి, పల్లేరుకాయలు చానా.

ఎనిమిది మందిమి. గురజాలలో లారీలు బాగుచేసే మస్తాను, మాచర్ల కిరాణా కొట్టు కోటయ్య శెట్టి, రెంటచింతల నర్సు మరియమ్మ, నలుగురు బడిపంతుళ్లు, నేను. ఆడవాళ్లిద్దరికీ ఒక డేరా. మాకు నేర్పే మేష్టారు బక్కమనిషే గానీ ఈల ఊదితే వంక అవతల గొడ్లు తలెత్తేవి. రెండు రోజులు తాళ్లు ముడెయ్యటం, మేకులు కొట్టటం, పొయ్యి తవ్వటం. సాయంత్రం ఆటల్లో పంతుళ్లు కప్పల్లా గెంతుతుంటే నవ్వలేక కడుపు పట్టుకున్నా.

మూడోరోజు నాకు పరీక్ష. నేను నాయకురాలు, మిగతా ఏడుగురూ పిల్లలు. వాళ్లే డేరా వెయ్యాలి, వాళ్లే వండాలి. నేను నోటితో చెప్పొచ్చు, చెయ్యి పెట్టకూడదు.

శెట్టి బియ్యం కడుగుతూ సగం వంకపాలు చేశాడు. చూసి ఊరుకోలేకపోయా. "లెగవయ్యా" అని ఆయన్ని నెట్టి, గరిటె లాక్కుని అంతా నేనే వండా. ఆకులు నాకి మరీ తిన్నారు.

మేష్టారు చెయ్యి కడుక్కుని, "అన్నం బ్రహ్మాండం ఆదెమ్మగారూ. మీరు పరీక్ష తప్పారు" అన్నాడు.

"ఏందయ్యా, మూడుసార్లు వడ్డించుకున్నావుగా!"

"తిన్నా. పిల్లలేం నేర్చుకున్నారు?"

"అక్క చేతి వంట తినటం నేర్చుకున్నాం సార్" అన్నాడు మస్తాను.

నాకు నవ్వు రాలా. పద్నాలుగు మంది కళ్లలో మెదిలారు. మరియమ్మ బతిమాలితే, "రేపు పొద్దున ఇంకొక్కసారి, అంతే" అన్నాడు మేష్టారు.

పొద్దున్నే నాపరాయి మీద చేతులు కట్టుకుని కూర్చున్నా. ఈసారి వీళ్లు మరీ కోతులైపోయారు. "అక్కా, మస్తాను గిల్లాడు!" అని శెట్టి రాగం తీశాడు, అంత బొజ్జేసుకుని. పొయ్యి అంటుకోక పొగంతా మస్తాను మొహానే కొడుతోంది. చేతులు దురద పెడుతున్నాయి.

"ఒరేయ్ మస్తానూ, గాలి ఎటునుంచి వస్తోందిరా?" అన్నా.

వాడు ఇటు చూశాడు, అటు చూశాడు, పొయ్యి నోరు తిప్పాడు. భగ్గున అంటుకుంది. "అంటిచ్చానక్కా!" అని నిజం పిల్లోడిలాగే గెంతాడు.

అంతలో డేరా కూలి ఇద్దరు పంతుళ్లు లోపల పడ్డారు. సగం లేచి మళ్లీ కూర్చున్నా.

"ఊపిరాడుతోందా?"

"ఆడుతోందక్కా!"

"అయితే మీరే లేపండి."

సంగటి నిండా ఉండలే. శెట్టి పుట్టి బుద్ధెరిగి గరిటె పట్టింది అదే మొదలంట. అందరం ఒకే కుండలోది తిన్నాం. "ఇంట్లో చెప్పకండమ్మా" అన్న ఆ మనిషే, ఒక ఉండ ఆకులో చుట్టి భార్యకి చూపిస్తానని దాచుకున్నాడు. మేష్టారు ఉండలు నములుతూ, "పిల్లల్ని తీసుకుపోండి ఆదెమ్మగారూ" అన్నాడు. మరియమ్మా నేనూ చేతులు పట్టుకుని బొంగరంలా తిరిగాం.

మర్నాడు ఎనిమిదింటి రైలుకి మాచర్ల వదిలా. మరియమ్మ రెంటచింతలలో దిగిపోయింది. ఎదురుగా కూర్చున్నామె నరసరావుపేటదే, సత్తెనపల్లిలో దిగి బస్సెక్కాలి, నాలాగే.

"ఆడపిల్లల్ని బయట పడుకోబెడతారా? మా పిల్లని నేనైతే పంపను" అంది.

"పంపకపోతే మానె, విను" అని మొదలుపెట్టా. పొగ, డేరా, శెట్టి రాగం అన్నీ చేసి చూపించా. రైలుపెట్టెలో వాళ్లంతా చుట్టూ మూగారు. ఆమె కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వి, "మా పిల్లకి ఇంట్లో మంచినీళ్లు ముంచుకోవటం కూడా రాదు వదినా. దాన్నీ రాసుకో" అంది. తీరా బయటికి చూస్తే గుంటూరు!

నాలుగు రోజులు ఆడీ పాడీ నా వయసు నేనే మర్చిపోయా, ఊరు మర్చిపోవటం ఒక లెక్కా? టిక్కెట్టు కలెక్టరు ఇద్దరి దగ్గరా అదనపు అణాలు గుంజాడు. దిగాల్సిన సత్తెనపల్లి పోయింది గానీ, పదిహేనో పిల్ల దొరికింది.