ఒంటి పిలుపు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని చూస్తే నాకు మొదటి నుంచీ ఒళ్ళు మంట. రాత్రి దిబ్బ మీద తెల్లచీర కనిపించిందని ఎవరైనా మొదలుపెడితే, అది ఎవరింటి చీరో, ఎవరు ఆరేశారో కనుక్కుని రమ్మనేవాణ్ణి. విమానం నడిపేవాడు గాలిని, ఇంజనుని, తన చేతుల్ని తప్ప ఇంకదేన్నీ నమ్మకూడదని నా వాదన. ఇవాళ్టికీ అదే అంటాను. కానీ ఒక్క మధ్యాహ్నం సంగతి మాత్రం ఆ వాదనలో ఇమడదు. చెప్పేస్తాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి.

తెల్లదొరలు ఇంకా ఏలుతున్న రోజులు. మాది కోయంబత్తూరు పక్కన, సూలూరు దాటాక వచ్చే నల్లరేగడి పల్లె. పత్తీ జొన్నా పండించుకునే తెలుగు ఇళ్ళు. మా పెద్దలు ఎన్ని తరాల కిందట ఇటు వచ్చారో మాకే తెలియదు. గడప లోపల తెలుగు, గడప దాటితే అరవం. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది మా నాయనమ్మ. ‘అవ్వా’ అని పిలిచేవాణ్ణి.

మా ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. మిట్టమధ్యాహ్నం చేలో ఉన్నప్పుడు, మనిషి కనపడకుండా ఎవరైనా పేరు పెట్టి ఒక్కసారి పిలిస్తే పలకకూడదు. మనిషైతే మళ్ళీ పిలుస్తాడు, మూడోసారీ పిలుస్తాడు. అప్పుడు పలకాలి. మనిషి కానిది ఒక్కసారే పిలవగలదట. అందుకని మా వాళ్ళు పత్తి చేలో ఒకరినొకరు గొంతు చించుకుని మూడేసి సార్లు పిలుచుకునేవాళ్ళు. కొత్తగా వచ్చిన కోడళ్ళు, ఇదేం చెవిటి ఊరే తల్లీ అని నవ్వుకునేవాళ్ళు.

అవ్వ మాత్రం ఈ విషయంలో నవ్వేది కాదు. ఆమె తమ్ముడు ఒకడు ఒంటి పిలుపుకు పలికి, పత్తి మొక్కల మధ్యకు నడిచి వెళ్ళి, మళ్ళీ తిరిగి రాలేదట. ఏ పాడుబడిన బావిలోనో పడి ఉంటాడులే అని నేను కొట్టిపారేసేవాణ్ణి. కానీ నమ్మకం లేకపోయినా అలవాటు పోదు కదా. ఒక్కసారి పిలిస్తే నాకు నోరు పెగిలేది కాదు.

ఆ అలవాటే నా కొంప ముంచింది.

అప్పట్లో మిల్లుల వాళ్ళూ దొరలూ కలిసి మా వైపు ఒక చిన్న ఫ్లైయింగ్ క్లబ్బు పెట్టుకున్నారు. ఒక మిల్లు యజమానికి నాయన తెలిసినవాడు కావడంతో నాకు అందులో చోటు దొరికింది. పైకప్పు లేని విమానం. ముందు సీట్లో పరీక్ష చేసే కెప్టెన్ దొర, వెనక సీట్లో నేను. ఇంజను హోరులో మాట వినపడటానికి రెండు సీట్ల మధ్య రబ్బరు గొట్టం ఉండేది. ఆయన అందులో మాట్లాడితే నా చెవి దగ్గర, నేను మాట్లాడితే ఆయన చెవి దగ్గర వినపడుతుంది. ఆయన మొహం నాకు కనపడదు. తోలు టోపీ వెనక భాగం తప్ప.

లైసెన్సు ఇచ్చే ముందు మన చెయ్యి ఎలా ఉందో చూడటానికి ఆ కెప్టెన్ మద్రాసు నుంచి వచ్చేవాడు. మొదటి పరీక్షలో అన్నీ బాగానే చేశాను. దిగబోతుండగా గొట్టంలో ‘నాయుడూ!’ అని ఒక్క పిలుపు వినపడింది. నేను రెండో పిలుపు కోసం ఆగాను. ఈలోగా ఇంకో విమానం మాకు అడ్డం వచ్చేసింది. దొర చటుక్కున తన సీట్లో ఉన్న నడిపే కర్ర లాగి, తప్పించాడు. కిందికి దిగాక నాకు చెవుడని తేల్చాడు. డాక్టరు నా చెవుల్లో దీపం వేసి చూసి, దోమ ఆవలించినా వినపడే చెవులయ్యా ఇవి అన్నాడు.

ఇంకొక్క అవకాశం ఇచ్చారు. ఈసారి తప్పితే లైసెన్సు లేదు, క్లబ్బూ లేదు. పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లులో నాకు పని చూసి పెట్టానని నాయన అప్పుడే అనేశాడు. నాకైతే ఏడుపొచ్చింది. విమానం తప్ప నాకు వేరే ఏ ఆశా లేదు.

రెండో పరీక్ష రోజు పొద్దున అవ్వ జొన్న సంకటి పెడుతుంటే చెప్పేశాను, ఇవాళ మొదటి పిలుపుకే పలుకుతానని. ఆమె చెయ్యి ఆగిపోయింది.

“దొర పిలిస్తే పలుకు సామీ. ఇంకెవురన్నా పిలిస్తే నోరు గెట్టిగా మూసుకో.”

“ఆకాశంలో ఇంకెవురు పిలిచేది అవ్వా? గద్దలా?”

“నవ్వొద్దురా. పలకాల్సినోళ్ళు పలుకుతారు, నువ్వు పలకొద్దు. సెరి, పోయిట్టు రా.”

ముసలామె చాదస్తం అనుకుని సైకిలెక్కాను.

ఎండ బాగా ముదిరి, మిట్టమధ్యాహ్నం కావస్తుండగా మా వంతు వచ్చింది. మలుపులు తిప్పాను. తర్వాత విమానాన్ని గిరగిరా తిరుగుతూ పడనిచ్చి మళ్ళీ నిలబెట్టాను. అదీ బాగానే కుదిరింది. అప్పటి నుంచి గొట్టంలో దొర మాట ఆగిపోయింది. కోపమొచ్చిందేమో అని నాకు గుబులు పట్టుకుంది. అంతలో ఆయన ఇంజను తగ్గించేశాడు. ఇంజను చెడిపోతే ఏ చేలో దిగుతావో చూపించమని దానర్థం.

కింద అంతా నల్లరేగడి. మాకు ఎడమగా పత్తి కోసేసిన బీడు ఒకటి కనపడింది. అటు తిప్పి జారుగా దించుతున్నాను. ఇంజను గొంతు సన్నబడి, రెక్కల తీగల్లో గాలి ఈల వేస్తోంది.

అప్పుడు గొట్టంలో వినపడింది.

“రంగా.”

ఒక్కసారే. అరుపు కాదు. అన్నానికి పిలిచినట్టు, మెల్లగా, చెవి పక్కనే. ఆడగొంతో మగగొంతో చెప్పలేను.

పలకడానికి నోరు తెరిచాను. మొదటి పిలుపుకే పలకాలని నిశ్చయించుకుని వచ్చినవాణ్ణి కదా. కానీ దొరకి నేను నాయుణ్ణి. రంగా అనేది మా ఇంట్లో మాట. ఆ క్లబ్బులో ఆ పేరు ఒక్కరికీ తెలియదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, భయం వేసింది. లైసెన్సు పోతే పోయిందని పళ్ళు బిగించి కూర్చున్నాను. బీడు మీదికి మీదికి వచ్చేస్తోంది. రెండో పిలుపు రాలేదు.

దొర ఇంజను పెంచాడు. మళ్ళీ పైకి లేచి క్లబ్బుకి తిరిగొచ్చాం.

కిందికి దిగాక దొర నా భుజం తట్టాడు. నవ్వుతున్నాడు. బీడు మీద జారుతున్నప్పుడు తాను నాయుడూ అని ఒక్కసారి పిలిచాడట. నేను వెంటనే పలికానట. ఇంగ్లీషులో ఎందుకు పలకలేదు, ఆ మాటకి అర్థమేమిటి అని అడిగాడు. తనకొచ్చినట్టు ఆ మాటని పలికి వినిపించాడు కూడా.

“వస్తా ఉండా.”

ముసలివాళ్ళ గొంతులా వినపడింది, గొట్టం పాతదైపోయినట్టుంది అన్నాడు. లైసెన్సు ఇస్తానన్నాడు, దానికి తల ఊపాను.

విమానం బాగోగులు చూసే మిస్త్రీ మమ్మల్ని వెనక్కి పిలిచాడు. నా సీటు కింద గొట్టం అతుకు దగ్గర ఊడి వేలాడుతోంది. గిరగిరా తిరిగినప్పుడు ఊడి ఉంటుందన్నాడు. అంటే ఆ తర్వాత ఆయన మాట నాకు గానీ, నా మాట ఆయనకి గానీ వినపడే దారి లేదు. ఇంజను తగ్గింది కాబట్టి అరిస్తే వినపడి ఉండొచ్చంటారేమో. దొర అరవలేదు. నేనైతే అసలు నోరే మెదపలేదు.

లైసెన్సు వచ్చిన సంగతి అవ్వకి చెప్పాలని సైకిలు వేగంగా తొక్కాను. మా వాకిట్లో జనం ఉన్నారు. నాయన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అవ్వని పడుకోబెట్టి ఉన్నారు.

పొద్దు నడినెత్తికి వచ్చిన వేళకి పోయిందట. ఆ సమయంలో ఆమె పక్కన ఉన్నది మా చిన్నమ్మ ఒక్కతే, నాయన తమ్ముడి భార్య. ఆమె చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఇద్దరూ కూర్చుని పత్తిలో గింజ ఏరుతున్నారు. అవ్వ ఉన్నట్టుండి తలెత్తి, “వస్తా ఉండా” అని గట్టిగా పలికింది.

“ఎవురత్తా పిలిచింది? నాకేమీ వినపడలేదే” అని చిన్నమ్మ అడిగింది.

“పిల్లోణ్ణి పిలిచినారు” అని, ఒళ్ళో పత్తి దులుపుకుని లేవబోయి, అలాగే పక్కకి ఒరిగిపోయింది.

చిన్నమ్మకి గొట్టం సంగతి తెలియదు. దొర మా ఊరి మొహం చూసినవాడు కాదు. ఇద్దరూ ఒకే మాట ఎలా చెప్పారో నేను ఎన్నో రకాలుగా ఆలోచించి చూశాను. ఏదీ అతకలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు విమానాలు నడిపాను. నాలాంటి కుర్రవాళ్ళ చెయ్యి పరీక్షించే పనీ చేశాను. ఆ పిలుపు మళ్ళీ వినపడలేదు. దయ్యాలు ఉన్నాయని ఇప్పటికీ అనను. కానీ మూడోసారి దాకా ఆగమని నాకు నేర్పిన మనిషి, తన బతుకంతా అలాగే ఆగిన మనిషి, ఆ రోజు నా పేరుకి మొదటి పిలుపుకే పలికింది. అదెలా జరిగిందో నాకు తెలియదు.