బొంతలో కుట్టిన బాణీ

అదేనండీ, మొన్న గురమ్మ గురించి చెబుతూ చెబుతూ టీ పొంగిందని లేచి వెళ్ళిపోయానే, అక్కడే ఉన్నాను ఇంకా. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన నోరిది, సగంలో ఆపితే ఊరుకోదు. మీకు మొదటి సగం గుర్తుందో లేదో, మళ్ళీ చెబుతాను, ఏం పోయింది!

గురమ్మది రాజంపేట పక్క పల్లె. ఇక్కడ కువైట్‌లో, రిగ్గై అనే పేటలో ఒక కువైటీ ఇంట్లో ఆరేళ్ళు పనిచేసింది. ఇంటావిడ పేరు షరీఫా, ఆడపిల్లల బడిలో సంగీతం టీచరు. గురమ్మకు మాత్రం ‘మామా’, ఆవిడ భర్త ‘బాబా’; ఇక్కడి పనివాళ్ళ పిలుపులవి. మధ్యాహ్నం మామా పియానో ముందు కూర్చుంటే, ఈవిడ వెనకాల నిలబడి ఇస్త్రీ చేస్తూ వినేది.

ఇంగ్లండులో ఎవరో ఒకాయన గ్రహాల మీద సంగీతం రాశాడట. గ్రహానికో భాగం, భూమిని వదిలేసి మొత్తం ఏడు. వందమంది కూర్చుని వాయించాల్సినంత పెద్దది. ఆయన రాసేనాటికి ప్లూటోను ఎవరూ కనిపెట్టలేదు. ఆ ఎనిమిదో భాగం తాను రాసి చేర్చాలని మామా పట్టుదల. మూడేళ్ళుగా అదే పని.

“పెద్దాయన కట్టిన ఇంటికి నువ్వు గది ఏస్తావా మామా?” అని గురమ్మ వచ్చీరాని అరబ్బీలో ఎగతాళి చేసేదట.

“ఆయన తలుపు తెరిచిపెట్టి పోయాడు. నన్నేం చేయమంటావు?”

“మరి రాహుకేతువులు యాడ పోయినారు? మా గుళ్ళో తొమ్మిదిమంది ఉండారు.”

“వాళ్ళిద్దరినీ నువ్వు రాయి.”

ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవారట. ఎనిమిదో భాగం తొంభై జూలైలో పూర్తయింది. ఆగస్టు రెండున ఇరాక్ సైన్యం దిగింది.

రెండో వారంలో మామా భర్తను చెక్‌పోస్టు దగ్గర పట్టుకుపోయారు. ఇప్పటికీ జాడ లేదు. సెప్టెంబరులో మామా పిల్లలిద్దరినీ తీసుకుని ఎడారి దారిన సౌదీకి బయలుదేరింది. తను రాసిన ఆ సంగీతం కాగితాలు వెంట తీసుకువెళ్ళడానికి ధైర్యం చాలలేదు. చుక్కలూ గీతలూ కనబడితే సైనికులు రహస్య రాత అనుకుంటారు. జేబులో ఏదో చీటీ దొరికిందని పక్కింటి కుర్రాణ్ణి వాళ్ళ గుమ్మంలోనే కాల్చేశారు మరి.

“ఆ ఏడూ ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి గురమ్మా. ఇది మాత్రం ఇదొక్కటే. నేను వచ్చేదాకా నీ దగ్గర ఉంచు” అని చేతిలో పెట్టి వెళ్ళింది.

గురమ్మ పాత చీరలు పరిచి బొంత కుట్టింది. మా వైపు ఆడవాళ్ళకు అది వెన్నతో పెట్టిన విద్య. పొరల మధ్య పంతొమ్మిది కాగితాలు పెట్టి, పైన ఒక్కసారి కూడా కట్టని ఎర్రంచు చీర వేసి, దగ్గర దగ్గరగా కుట్లు వేసింది. దాన్ని నెత్తిన పెట్టుకుని ఖైతాన్‌లో అన్న చిన్నపుల్లయ్య గదికి చేరింది. దారిలో ఒక సైనికుడు బొంతను నేల మీద పరిపించి తుపాకీ మొనతో పొడిచి చూశాడు. “పడక సాబ్, పడక” అంది. పొమ్మన్నాడు.

ఎవరికీ చెప్పలేదు, అన్నకు కూడా. తెలిస్తే గదిలో ఐదుగురి ప్రాణాలకూ ముప్పు కదా.

చిన్నపుల్లయ్య షుగరు మనిషి. అక్టోబరులో ఇన్సులిన్ అయిపోయింది. ఆసుపత్రులు ఊడ్చిపెట్టినట్టున్నాయి. ఒకరోజు పొద్దున గురమ్మ రొట్టెల వరుసలో నాలుగు గంటలు నిలబడి వచ్చేసరికి, అన్న పోయాడు. గదిలోవాళ్ళే స్నానం చేయించి, చుట్టి, వ్యాను ఎక్కించారు. వాళ్ళలో పూడ్చడమే ఆచారం.

ఆ గదిలోనే ఉండే నరసింహులు అనే తాపీమేస్త్రీ ఎదురొచ్చాడు. “అక్కా, కొత్తగుడ్డ యాడా దొరకల్యా. నీ బొంతే కప్పినాం. తోబుట్టువు గుడ్డ కప్పకుండా ఎట్ల పంపిస్తాం?”

గురమ్మ వ్యానులోకి వంగి చూసింది. ఎర్రంచు. చెయ్యి పెడితే లోపల కాగితం చప్పుడైంది. డ్రైవరు “యల్లా, యల్లా” అని హారను కొడుతున్నాడు. తాళ్ళు విప్పి, అన్న ఒంటి మీద నుంచి గుడ్డ లాగి, కుట్లు తెంపాలి. అందరి ముందూ.

“మంచి పని చేసినారు నాయనా” అంది.

అంతే. బొంతతోనే పూడ్చారు.

తర్వాత తనూ అందరితో పాటు బస్సుల్లో, డేరాల్లో పడి ఊరు చేరింది. నిరుడు కొత్త వీసా మీద మళ్ళీ వచ్చి మంగఫ్‌లో కంపెనీ క్యాంపులో ఊడ్చే పని చేస్తోంది. వచ్చిన వారానికే, యుద్ధం ముగిశాక ఇల్లు చేరిన మామాను చూడటానికి వెళ్ళింది. మామా మొదటి మాటే, “కాగితాలేవీ?”

“సోల్జర్లు ఎత్తుకపోయినారు మామా” అనేసింది.

ఆ అబద్ధం పట్టుకుని ఉంది ఆవిడ ఇప్పుడు. ప్రతి నెలా సర్కారు ఆఫీసులో రెండు అర్జీలు పెడుతుందట. భర్త కోసం ఒకటి, దోచుకుపోయిన కాగితాల కోసం ఒకటి. మళ్ళీ రాయవచ్చు కదా అంటే, “అసలుది బాగ్దాదులో ఎక్కడో ఉంది, వస్తుంది” అంటుందట. పియానో మూత తెరవడం లేదు.

పోయిన శుక్రవారం గురమ్మ ఖైతాన్ వచ్చి మా అమ్మాయి ఇంట్లో కూర్చుని ఇదంతా చెప్పింది.

“నిజం చెప్పెయ్యరాదూ?” అన్నాను.

“గోరీ తవ్విస్తాది టీచరమ్మా. పెద్దోళ్ళు, వాళ్ళ మాట చెల్తాది. మా అన్న ఒంటి మీద గుడ్డ లాగుతారు.”

“ఆ బాణీ నీకేమైనా గుర్తుందా?”

నా బల్ల మీద దుప్పటి సర్ది, ఉత్త చేతినే ఇస్త్రీపెట్టె చేసింది. “ఇది బాబా పొడుగు చొక్కా అనుకో. కాలరు కాడ ఇట్ల వస్తాది...” అని కూనిరాగం తీసింది. చేతుల దగ్గర ఒక వరస, జేబు దగ్గర ఇంకొకటి. అంచు దాకా వచ్చేసరికి బాణీ సన్నగిల్లి ఆగింది. ఎక్కడా తడుముకోలేదు. ఆ చొక్కా తొడుక్కునే మనిషి మాత్రం లేడు.

“మామాకు నువ్వే చెప్పు టీచరమ్మా” అంది పోతూ పోతూ. “గోరీ జోలికి రానని మాట తీసుకున్నాకే చెప్పు.”

ఈరోజు మళ్ళీ శుక్రవారం. గురమ్మ మంగఫ్ నుంచి బయలుదేరే ఉంటుంది. మామా నంబరు చీటీ ఫోను కింద పెట్టాను. నాది తెలుగు మీడియం ఇంగ్లీషే, అయినా రెండు ముక్కలు రాసిపెట్టుకున్నాను. ముందు సమాధి ముట్టనని మాట తీసుకుంటాను. ఆ తర్వాత బొంత సంగతి. ఆ పైన బాణీ అందుకోమని రిసీవరు గురమ్మ నోటి దగ్గర పెడతాను. సాయంత్రం నమాజు ముందర ఆవిడ ఇంట్లోనే ఉంటుందట. అప్పుడు చేస్తాను.